దిగని స్వరం

మన ఇల్లు, వంటగది బల్ల
ఆగస్టు 4

తమ్ముడికి అక్క చెప్పి రాయించేది.

ఏ కాగితమైనా పేరు, వయసు, ఇంట్లో ఎవరెవరు అన్నదానితోనే మొదలవ్వాలంటుంది నా కోడలు. ఆసుపత్రిలో రోగి వచ్చి కూర్చోగానే నర్సులు అలాగే రాసుకుంటారట. సరే, నీ పద్ధతిలోనే రాయమన్నాను. పేరు: తిత్తి అక్క, చర్చి ఆర్గాన్‌కు గాలి కొట్టే తిత్తి ఆడించినదాన్ని కాబట్టి. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇంకొకటి ఉంది గానీ, ఆ పేరున పిలిస్తే నేనే తిరిగి చూడను. వయసు: డెబ్బై నాలుగు. ఇంట్లో: నేను, నర్సు కోడలు, నెలకు ఇరవై రోజులు లారీలోనే కాపురం ఉండే కొడుకు. బాధ: కొత్త మాస్టరు. ఎన్నాళ్ళ నుంచి: పోయిన శుక్రవారం నుంచి.

నువ్వు ఆర్గాన్ బల్ల దిగిపోయాక ఎనిమిదేళ్ళు మన చర్చిలో ఆర్గాన్ వాయించిన బడి టీచరమ్మకు బదిలీ అయింది. ఆవిడ స్థానంలో వచ్చాడు ఈ అబ్బాయి. ముప్పై నిండలేదు. చేతులు మంచివి, ఆ మాట ఎక్కడైనా ఒప్పుకుంటాను. కాలిమెట్ల మీద పాదాలు కూడా తడబడవు. నవంబరులో చర్చికి నూరేళ్ళు నిండుతాయి. ఆ ఆదివారం ఆరాధనలో దీపం యాంథమ్ పాడాలని కమిటీ తీర్మానించింది. యాభై ఏళ్ళకు పైగా మన క్వయరు నోట ఉన్న నాలుగు గొంతుల పాట, కొత్తగా నేర్వాల్సిందేముంది అనుకున్నాను.

శుక్రవారం ప్రాక్టీసులో నాలుగో చరణం దాకా వచ్చాం. ఆర్గాన్ మెత్తబడి, గొంతులన్నీ మెట్టు మెట్టుగా కిందికి దిగే చోటు. అక్కడ మూడు గొంతులు దిగుతాయి, ఆడవాళ్ళలో కింది గొంతు, మా ఆల్టో మాత్రం దిగకుండా పైస్వరం మీదే నిలబడి, మిగతావాళ్ళు కిందికి చేరాక అప్పుడు దిగుతుంది. నీకు నేను చెప్పాలా.

మాస్టరు చెయ్యెత్తి ఆపేశాడు. "ఆల్టోలో ఎవరో తప్పుతున్నారు."

"ఎవరో ఏమిటి బాబూ, ఆరుగురం కలిసే పాడుతున్నాం" అన్నాను.

"కాగితంలో అలా లేదమ్మా. అక్కడ మీరూ దిగాలి."

"నేను కాగితం చూసి పాడటం లేదు."

"మరి దేన్ని చూసి పాడుతున్నారు?"

"పాడేది నోటితో, నేర్చుకునేది చెవితో. కంటికి ఇందులో పనేమిటి?"

అందరూ నవ్వారు. అబ్బాయి కూడా నవ్వాడు. నవ్వుతూనే పక్కనున్న ఐదుగురినీ అడిగాడు, మీరెందుకు అలా పాడారని. అక్క ఎలా పాడితే అలా పాడతామని చెప్పేశారు. మర్నాటికి క్వయరు గది తలుపు మీద ఒక జాబితా. స్వరాలు చదవగలిగినవాళ్ళే నూరేళ్ళ ఆరాధనలో పాడాలట. నా పేరు లేదు. "మీరు చాలా సేవ చేశారు అమ్మమ్మగారూ, ఇక ముందు బెంచీలో హాయిగా కూర్చుని వినండి" అన్నాడు. హాయిగా కూర్చోవడం నాకు ఎప్పుడు వచ్చు?

ఆల్టో వరసలో చివరి కుర్చీ నాది. దాన్ని వదలను. నేను చదువురానిదాన్ని కాబట్టి చర్చి మొత్తానికి తప్పు పాట నేర్పానన్న మాట అసలే పడను. ఆ కాగితాలు రాసింది నువ్వు. ఆ పాట నేర్పింది నువ్వు. ఆ స్వరం నువ్వు నేర్పినదేనని కమిటీకి ఒక్క ముక్క రాసి పంపు. అంతే నేను అడిగేది.

నీ అక్క

(మామయ్యగారూ, ఇది నా మాట. అత్తయ్య శనివారం నుంచి అన్నం గిన్నెలు కాస్త గట్టిగా పెడుతున్నారు. త్వరగా రాయండి. కోడలు)

*

కూతురి ఇల్లు, మూడో అంతస్తు
ఆగస్టు 19

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. కోడలు రాత బాగుంది, మందుల చీటీ రాసే డాక్టర్ల దగ్గర పనిచేస్తూ కూడా రాత చెడకపోవడం గొప్పే.

మేమంతా క్షేమం. ఇక్కడ లిఫ్టు ఉంది కాబట్టి నా మోకాళ్ళకు పని తగ్గింది. అమ్మాయి నాకొక కీబోర్డు కొనిపెట్టింది. బొత్తాం నొక్కితే ఆర్గాన్ గొంతు వస్తుంది. వస్తుంది గానీ ఊపిరి పీల్చదు. నీ తిత్తి మీద వాయించినవాడికి అది తెలుస్తుంది.

ఇక నువ్వు అడిగిన సంగతి. నలభై ఏళ్ళు దాటిపోయిన మాట అక్కా, ఏ చరణంలో ఎవరు దిగారో ఎవరు నిలబడ్డారో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఉత్తినే ఏదో రాసి పంపితే బాగుండదు. ఆ అబ్బాయి కొత్తగా వచ్చాడు, తన పద్ధతి తనకు ఉంటుంది. నేను వచ్చిన కొత్తలో నాకూ ఉండేది. అతనికి కాస్త దారి ఇవ్వు. నువ్వు మాత్రం ఎన్నాళ్ళని నిలబడి పాడతావు? నూరేళ్ళ ఆరాధనకు నన్ను కూడా పిలిచారు. ముప్పై ఆరేళ్ళు వాయించినందుకు ఆర్గాన్ పక్కన గోడకు నా పేరుతో ఇత్తడి పలక పెడతారట. ముందు బెంచీలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని విందాం. ఒక్కసారైనా వినేవాళ్ళం కావాలి కదా.

మోకాలికి ఆ నూనె రాస్తున్నావా?

నీ తమ్ముడు

*

మన ఇల్లు, వంటగది బల్ల
సెప్టెంబరు 2

తమ్ముడూ,

క్షేమమని రాయమంటారా అని అడిగింది కోడలు. రాయకు అన్నాను.

మోకాలి నూనె గురించి నాలుగు మాటలు, ఇత్తడి పలక గురించి నాలుగు మాటలు, నేను అడిగినదాని గురించి "గుర్తు లేదు". బాగుంది. నీకు గుర్తు లేకపోతే నేను గుర్తు చేస్తాను, కూర్చుని చదువుకో.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట. నాకు నలభై ఆరు. తిత్తికి కరెంటు ఫ్యాను పెట్టి నన్ను ఆర్గాన్ వెనక నుంచి ఆల్టో వరసలోకి తెచ్చి ఐదేళ్ళయింది. పెద్ద చర్చి ఆర్గానిస్టు ఒకాయన చూడటానికి వచ్చాడు. గుండ్రటి కళ్ళద్దాలు, చేతిలో తనదైన అచ్చు పుస్తకం. దీపం యాంథమ్ విని, నాలుగో చరణంలో ఆల్టో తప్పిందన్నాడు. నువ్వు బల్ల మీద నుంచి లేచి నిలబడ్డావు. నీ కుడి బూటు తాడు ఊడిపోయి ఉంది, అది కూడా నాకు గుర్తుంది. "మా అక్కకు చదువు రాదండీ, చెవితో పట్టుకుని పాడుతుంది, ఆమె వెంట మిగతావాళ్ళూ తప్పుతున్నారు" అన్నావు. అందరి ముందు.

నేను ఒక్క మాట అనలేదు. ఆ ఏడాదంతా క్వయరు అంగీ వేసుకోకుండా మూడో బెంచీలో కూర్చున్నాను. ఏడాది తర్వాత వెనక్కి వచ్చి, మళ్ళీ ఎప్పటిలాగే పాడాను. నువ్వు ఆర్గాన్ మీది అద్దంలో నన్ను చూసి తల తిప్పుకున్నావు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు వాయించావు, ఒక్కసారైనా ఆపావా?

అప్పుడంటే నలభై ఆరు, తల వంచాను. ఇంకోసారి వంచడానికి ఈ మెడకు ఓపిక లేదు.

నేను ప్రాక్టీసు మానలేదు. జాబితా ఉన్నది క్వయరు కుర్చీలకు. ఆర్గాన్ వెనక ఉన్న చెక్కమెట్టుకు ఏ జాబితా లేదు. శుక్రవారం వెళ్ళి దాని మీద కూర్చున్నాను. తిత్తి పిడి తీసేశారు గానీ అది ఊగిన చోట గోడ అరిగి నున్నగా ఉంది. తిత్తిలో గాలి ఎంతుందో చూపించే సీసపు గుండు ఇంకా దారానికి వేలాడుతోంది. నాన్న గోడ మీద గీసిన రెండు బొగ్గు గీతలూ ఉన్నాయి. గుండు కింది గీతకు దిగితే తిత్తి నిండినట్టు, పై గీతకు పాకితే పాట ఊపిరాగి చస్తున్నట్టు. నాన్న నడుము పడిపోయాక, నా పదిహేడో ఏట ఆ పిడి పట్టుకున్నాను. ఇరవై నాలుగేళ్ళు ఆ గుండును చూస్తూ బతికాను.

నాలుగో చరణం వచ్చింది. కూర్చున్నచోటి నుంచే పాడాను. అబ్బాయి ఆపి, "ఎవరది?" అన్నాడు.

"ఆర్గాన్" అన్నాను.

బాసు పాడే పోస్టుమాస్టరు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళి దగ్గి వచ్చాడు.

నవంబరు మొదటి శనివారం కమిటీ కూర్చుంటుంది. మర్నాడే ఆరాధన. ఈలోగా నీ ముక్క రావాలి.

అక్క

(మామయ్యగారూ, మూడో బెంచీ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు. రాస్తూ రాస్తూ పెన్ను ఆపేశాను. "ఏమే, సిరా అయిపోయిందా" అన్నారు అత్తయ్య. కోడలు)

*

కూతురి ఇల్లు
సెప్టెంబరు 20

అక్కకు,

నీ కోరిక మేరకు దీనితో పాటు కమిటీ వారికి ఒక ఉత్తరం జతచేశాను. "చర్చి ఆర్గాన్‌కు, క్వయరుకు యాభై ఏడేళ్ళ పాటు నమ్మకంగా, వినయంగా, ఏ ప్రతిఫలం ఆశించకుండా సేవ చేసిన ఈ సోదరిని తగు రీతిగా గౌరవించవలసిందిగా మనవి" అని రాశాను. ఇది చాలుననుకుంటాను.

పాత విషయాలు తవ్వుకోవడం వల్ల ఎవరికీ మేలు లేదు. మన ఉత్తరాలు కోడలు చదువుతుందన్న సంగతి కూడా గుర్తు పెట్టుకో.

ఇంకొక్క మాట. ఆ పాత ఆల్టో కాగితాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయా? ఈపాటికి చెదలు పట్టి ఉండాలి. కొత్తవి అచ్చు వేయిస్తున్నారు కాబట్టి వాటిని తీసి పారేయమని చెప్పు. పుచ్చిపోయిన కాగితాలు దాచుకోవడం పిచ్చి పని.

తమ్ముడు

*

మన ఇల్లు
అక్టోబరు 1

తమ్ముడూ,

నువ్వు పంపిన కాగితం కోడలు పైకి చదివింది. విని, "నేను ఎప్పుడు పోయానే?" అని అడిగాను. అది శవపేటిక పక్కన నిలబడి చదివే కాగితం. వినయంగా అట. నన్ను ఎరిగినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. దాన్ని వెనక్కి పంపిస్తున్నాను, దాచుకో, ఎప్పుడో ఒకరోజు పనికొస్తుంది.

పారేయమన్నావు చూడు, అక్కడ దొరికావు. ఎనిమిదేళ్ళుగా అడగని కాగితాల మీద ఇప్పుడు ఎందుకు మనసు పోయిందని కోడలికి అనుమానం వచ్చింది. పగటి డ్యూటీ దిగి, తెల్ల చీరతోనే నేరుగా చర్చికి వచ్చింది. బీరువా తాళం ఇప్పటికీ నా మొలనే ఉంటుంది, నాన్న ఇచ్చిన తాళం. ఆల్టో కాగితాలు ఎనిమిదీ బయటికి తీశాం. ఒక్క చెద లేదు. నీ రాత ముత్యాల్లా ఉంది.

దానికి స్వరాలు చదవడం రాదు, నాలాగే. కానీ ఆసుపత్రి బుద్ధి కదా, ఒక కాగితం తీసి కిటికీ అద్దానికి ఆనించి ఎక్స్‌రే చూసినట్టు చూసింది. "అత్తయ్యా, ఇక్కడ చూడండి" అంది. నాలుగో చరణం దగ్గర కాగితం ఉల్లిపొరలా పలచబడి ఉంది. వెలుతురు అక్కడి నుంచే ఎక్కువ వస్తోంది. రెండోది ఆనించింది, అదే చోటు. మూడోది, అదే చోటు. ఎనిమిదింటికీ అంతే. ఒకదానికి బ్లేడు లోతుగా దిగి చిల్లు పడితే వెనక చిన్న ముక్క అతికించారు. "ఇక్కడ ఎముక విరిగి అతుక్కుంది" అంది నా కోడలు.

గీకింది ఎవరు తమ్ముడూ? చదువురానిదాన్ని, నాకు బ్లేడు పట్టి స్వరాలు దిద్దే తెలివి లేదు.

కోడలు చదువుతుందని బెదిరించావు. చదువుతుంది. నాకు కళ్ళు అదే. నువ్వు దాచాలనుకున్నది నా కళ్ళ నుంచి దాస్తానంటే ఎలా?

కమిటీకి ఇంకా నెల ఉంది. రాస్తావా, రాయవా?

అక్క

*

మూడో అంతస్తు
అక్టోబరు 14

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. కోడలు చదివినా సరే, ఈసారి రాస్తాను.

నేను ఆర్గానిస్టుగా చేరిన మొదటి వర్షాకాలం నీకు గుర్తుండే ఉంటుంది. కప్పు కారి క్వయరు పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. పొరుగు ఊరి చర్చి నుంచి దీపం యాంథమ్ పుస్తకం రెండు రోజులకు ఎరువు తెచ్చాను. నాలుగు గొంతులకూ ముప్పై రెండు కాగితాలు చేత్తో రాయాలి. ఆల్టో మొదటి కాగితం రాస్తూ నాలుగో చరణంలో ఒక గడి స్వరాలు రాసి, కన్ను పక్కకు పోయి, తర్వాతి గడి బదులు మళ్ళీ అదే గడి రాశాను. దిగాల్సిన స్వరం అలా నిలబడిపోయింది. మిగతా ఏడు కాగితాలూ ఆ మొదటిదాన్ని చూసి రాసినవే. పుస్తకం వెనక్కి వెళ్ళిపోయింది.

రెండో వారానికి నాకే తెలిసింది. చెప్పలేదు. అప్పుడు ఆరునెలల పరీక్ష మీద ఉన్నాను అక్కా. గంట కొట్టేవాడి కొడుకు వేళ్ళు గంట తాడుకే గానీ ఆర్గాన్‌కు పనికిరావని కమిటీలో ఒకాయన నా ఎదురుగానే అన్నాడు. మొదటి పని తప్పు చేశానంటే ఏమయ్యేది? ఆ తర్వాత జనం చెవికి అది అలవాటైంది. తప్పు పాటలో కలిసిపోయింది.

కళ్ళద్దాల ఆయన అడిగిన రోజు నేను ముందుగా ఆలోచించుకున్నది కాదు. నోటికి నీ పేరు వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుసు. నువ్వు కాగితం తీసి "ఇదుగో, ఇందులో ఇలాగే ఉంది" అని చూపించలేవు. ఈ ప్రపంచంలో నేను తప్పు మోపితే తిరిగి నిరూపించలేని మనిషివి నువ్వొక్కదానివే. ఆ వారమే ఎనిమిది కాగితాలూ ఇంటికి తీసుకెళ్ళి గీకి, అచ్చులో ఉన్నట్టు దిద్దాను. నువ్వు మూడో బెంచీలో కూర్చున్న ఆదివారాలన్నీ అద్దంలో నిన్ను చూస్తూనే వాయించాను.

నువ్వు తిరిగి వచ్చి మళ్ళీ అలాగే పాడినప్పుడు ఎందుకు ఆపలేదంటావు. నిన్ను ఆపే ముఖం నాకు లేదు. ఇంకొకటి, ఆ ఏడాది ఆ స్వరం లేక నాకు ఆ చరణం చప్పబడింది. అచ్చు పుస్తకం కన్నా అదే బాగుంది.

ఇన్నాళ్ళూ అది నీ పొరపాటేనని నువ్వే నమ్మావనుకున్నాను. అందుకే నిద్ర పట్టేది. ఇప్పుడు పలక మీద నా పేరు చెక్కుతున్నారు. నేను అక్కడికి వచ్చి ఇది చెప్పలేను. ఈ ఉత్తరం కమిటీకి చూపించుకో, నీ ఇష్టం. నేను మాత్రం రాను.

తమ్ముడు

*

మన ఇల్లు, వంటగది బల్ల
అక్టోబరు 23

ఒరేయ్,

కోడలు నీ ఉత్తరం చదివి నా ముఖం చూసింది, ఏడుస్తానేమోనని. నీళ్ళ గ్లాసు కూడా తెచ్చి పెట్టింది. తాగి, రాయమన్నాను.

అది నీ తప్పని నాకు నలభై నాలుగేళ్ళుగా తెలుసు.

నువ్వు పియానో బల్ల మీద సరిగమలు దిద్దుకునే రోజుల నుంచీ పెద్ద మాస్టరు ఆ యాంథమ్ వాయిస్తుంటే తిత్తి ఊదింది ఎవరు? ఏ పాటలో ఎక్కడ గాలి మింగుతుందో, ఎక్కడ మిగులుతుందో తెలియకుండా ఆ పని చేయలేరు. నాలుగో చరణంలో ఆర్గాన్ మెత్తబడుతుంది. అక్కడ గుండు కింది గీత మీదే ఉంటుంది, చేతికి విశ్రాంతి. చేతికి పని లేనప్పుడే చెవికి పని. పదమూడేళ్ళు ఆల్టో అక్కడ దిగడం విన్నాను. నీ కాగితాలతో మొదటి ప్రాక్టీసు రోజున దిగలేదు. పిడి పట్టుకుని నిలబడిపోయాను. గుండు పైగీత దాకా పాకింది, ఆర్గాన్ మూలిగింది. "ఏమైంది అక్కా" అని అరిచావు. "చెయ్యి జారింది" అన్నాను.

చెబితే నీ ఉద్యోగం పోయేది. అందుకు చెప్పలేదు. తర్వాత నేను ఆల్టోలోకి వచ్చాక నీ తప్పే పాడాను, తెలిసి పాడాను. కళ్ళద్దాల ఆయన ముందు నువ్వు నా పేరు చెప్పినప్పుడు నేను వేరే పేరు చెప్పగలిగేదాన్నే. నాకు చదువు రాదు గానీ నోరు వచ్చు. మూడో బెంచీలో కూర్చున్నది నువ్వు కూర్చోబెట్టినందుకు కాదు, నేను కూర్చున్నాను. ఆ తేడా నీకు ఈ రోజు దాకా తెలియదు.

తిరిగి వచ్చాక ఎందుకు పాడానంటావా? ఈ మాట మొన్న కొత్త మాస్టరు కూడా అడిగాడు. ప్రాక్టీసు అయ్యాక మెట్టు దగ్గరకు వచ్చి నా పక్కన కింద కూర్చున్నాడు. నాలుగో చరణం బాసు పాడి వినిపించాను. టెనారు పాడాను. ఆల్టో అచ్చులో ఉన్నట్టు పాడాను. అబ్బాయి నోరు తెరిచాడు. "సరైనది తెలిసీ అది ఎందుకు పాడతారు?" అన్నాడు. "అన్ని గొంతులూ దిగుతుంటే ఒక్కటైనా నిలబడి చూడాలి కదా బాబూ, కిందికి అందరూ క్షేమంగా చేరారో లేదోనని" అన్నాను. "బయటి నుంచి పెద్ద పెద్ద ఆర్గానిస్టులు వస్తారు అమ్మమ్మగారూ, తప్పు వినిపిస్తే నా పేరు పోతుంది" అన్నాడు. "నీ పేరుకు ఇక్కడ నాలుగు నెలలు, నా పేరుకు యాభై ఏడేళ్ళు" అన్నాను. జాబితా మార్చలేదు. అయినా ఆ అబ్బాయి మీద నాకు కోపం తగ్గింది. అతను కాగితాన్ని నమ్మాడు. ఆ కాగితం అబద్ధం చెప్పకపోయినా నిజం దాచింది, అది అతని తప్పు కాదు.

నీ ఉత్తరం ఎవరికీ చూపించను. అది నువ్వు అక్కకు రాసింది. నీ వెనక నిలబడి నీ ఒప్పుకోలును ఊరందరి ముందు చదివించడం, నువ్వు నాకు చేసినట్టే నేను నీకు చేయడం. నాకు ఆ పని రాదు.

కమిటీకి నా మాట నేనే రాయించుకున్నాను. నకలు ఇందులో ఉంది. కింద సాక్షులకు రెండు గీతలు ఉన్నాయి. ఒకటి కోడలు నింపుతుంది. రెండోది ఖాళీగా వదిలాను. శనివారం పది గంటలకు పాస్టరు గారి గదిలో కమిటీ. నువ్వు రాకపోతే ఆ గీత ఖాళీగానే ఇస్తాను. ఎందుకు ఖాళీ అని అడిగితే, ఆ గీత మీద ఒకడు నిలబడాలి, ఇంకా దిగి రాలేదని చెబుతాను.

నువ్వు చదువుకున్నవాడివి. సంతకం ఎలా పెట్టాలో నీకు నేను చెప్పను.

అక్క

(మామయ్యగారూ, లిఫ్టు దిగితే బస్టాండు దగ్గరే కదా. కోడలు)

*

పాస్టరు గారి గది
నవంబరు మొదటి శనివారం

చర్చి కమిటీ పెద్దలకు,

నన్ను తిత్తి అక్క అంటారు. వయసు డెబ్బై నాలుగు. ఈ చర్చి గంట కొట్టిన మనిషి కూతుర్ని, ఈ చర్చి ఆర్గానిస్టుకు అక్కను, లారీ డ్రైవరుకు తల్లిని, ఈ కాగితం రాస్తున్న నర్సుకు అత్తను. నాకు రాయడం రాదు, చదవడం రాదు. ఆ సంగతి తలుపు మీద జాబితా అంటించి చెప్పక్కర్లేదు, నన్ను అడిగితే నేనే చెబుతాను.

ఈ ఆర్గాన్‌కు ఇరవై నాలుగేళ్ళు ఊపిరి పోశాను. ఆ తర్వాత ముప్పై మూడేళ్ళు ఆల్టో పాడాను, మధ్యలో ఒక ఏడాది తప్ప. ఆ ఏడాది ఎందుకు పాడలేదో ఈ గదిలో పెద్దవాళ్ళకు గుర్తుంది. నేను తప్పు పాడి, పక్కవాళ్ళకు తప్పు నేర్పానన్నారు.

నేను చెప్పేది ఇది. దీపం యాంథమ్ నాలుగో చరణంలో ఆల్టో నిలబడటం నా తప్పు కాదు. అది ఎలా వచ్చిందో నాకు తెలుసు, నేను చెప్పను. బీరువాలో ఎనిమిది కాగితాలు ఉన్నాయి. కిటికీకి ఆనించి చూడండి, మీకు చదువు వచ్చు.

నాకు పరీక్ష పెట్టాలనుకుంటే పెట్టండి. కాగితం నా ముందు పెట్టవద్దు, ఆర్గాన్ ముందు కూడా ఎవరూ పెట్టలేదు, అది వాయించేవాడి ముందే ఉంటుంది. మాస్టరు గారిని కూర్చోబెట్టండి. ఆ బీరువాలో ఉన్న ఏ యాంథమ్ అయినా తీయండి, ఏ ఆమెన్ అయినా తీయండి. నాలుగు గొంతుల్లో ఏది అడిగితే అది పాడతాను, అచ్చులో ఉన్నట్టు ఒకసారి, మనం పాడినట్టు ఒకసారి. అచ్చులో ఉన్నట్టే పాడమని మీరు తీర్మానిస్తే అలాగే పాడతాను, ఆ స్వరం మాస్టరు గారిది, ఆయన చేతిలో ఉంది. కుర్చీ మాత్రం నాది. తప్పు నేర్పినదాన్ని అన్న మాట కూడా ఈ రోజుతో వెనక్కి తీసుకోవాలి.

ఇది మనవి కాదు. మనవి వేరుగా తమ్ముడు రాశాడు, వెనక్కి పంపాను. నా తెల్ల అంగీ ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించి ఉంది. రేపు ఆరాధనకు ఆల్టో వరసలో చివరి కుర్చీలో కూర్చుంటాను. నన్ను లేపాలనుకున్నవాళ్ళు నిండు చర్చిలో, ఆర్గాన్ మోగుతుండగా, అందరూ చూస్తుండగా వచ్చి లేపాలి.

చదివి వినిపించగా విని, సరిగ్గా ఉందని ఒప్పుకుని వేసిన వేలిముద్ర. ఎడమ బొటనవేలు, తిత్తి పిడి పట్టి కాయ కాసినది, గీతలు సరిగ్గా పడకపోతే సిరాది తప్పు కాదు.

(వేలిముద్ర)

సాక్షులు:

1. కోడలు, నర్సు. అత్తయ్య చెప్పింది చెప్పినట్టు రాశాను. ఎక్కడైనా మెత్తగా ఉందనిపిస్తే అది నా పొరపాటు.

2. తమ్ముడు, ముప్పై ఆరేళ్ళు ఈ చర్చి ఆర్గానిస్టు. ఎనిమిది కాగితాల్లో ఆ తప్పు రాసింది ఈ చెయ్యి. బ్లేడుతో గీకింది ఈ చెయ్యి. కమిటీ ముందు నిలబడి, పైకి చదివి, ఇక్కడ సంతకం పెట్టింది కూడా ఇదే చెయ్యి. పలక మీద నా పేరు పక్కన ఆమె పేరు చెక్కేదాకా దాన్ని గోడకు కొట్టవద్దని చెప్పాను. రేపు ఆమె తన కుర్చీలో ఉంటుంది. నేను ఆర్గాన్ వెనక మెట్టు మీద, గుండు దగ్గర ఉంటాను.